రెండు నిజాలు, ఒక అబద్ధం

“సంతకం పెట్టనివాడే వాడు. తేలిపోతుంది,” అంటూ టామ్సిన్ కాగితాన్ని బల్ల మీద పరిచింది.

చరిత్ర మొదటి సంవత్సరం క్లాసు. బల్ల చుట్టూ ఎనిమిది మంది. బయట దక్షిణపు గాలి వానను కిటికీకేసి కొడుతోంది. ట్యూటర్ హామిష్ ఇంకా రాలేదు.

వారం నుంచి ఊరంతా ఇదే గొడవ. ఎనిమిదేళ్ల కిందట, సమోవా దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల చర్చి హాలుకు నిప్పు పెట్టబోయిన జాతివిద్వేషుల ముఠాలో ఒకరికి యూనివర్సిటీ సీటిచ్చిందని పేపర్లో పడింది. ఆఖరి నిమిషంలో పోలీసులకు ఫోన్ చేసి, మిగతావాళ్ల మీద సాక్ష్యం చెప్పింది ఆ ఒక్కరేనట. అందుకే జైలు శిక్ష ముగిశాక కూడా పేరు బయటపెట్టరాదని కోర్టు ఉత్తర్వు. చేరింది ఈ క్లాసులోనే అని మాత్రం ఎలాగో పొక్కింది. తోటి విద్యార్థులందరూ సంతకాలు పెడితే సీటు రద్దు చేసే సంగతి శుక్రవారం చూస్తామని యూనివర్సిటీ కౌన్సిల్ మాటిచ్చింది.

ఐదు సంతకాలు పడ్డాయి. ఇంకా మూడు.

“కోరిన్, నువ్వు పెట్టలేదు,” అంది టామ్సిన్.

కోరిన్‌ది నున్నగా గీయించిన తల, మెడ మీద పచ్చబొట్టు, మొన్నమొన్నటి దాకా మాంసం ఫ్యాక్టరీలో పనిచేసిన చేతులు.

“పెడితే నాటకం అంటారు. పెట్టకపోతే దొరికాడంటారు. ఎటైనా నా గుండు మీదికేగా?”

“మెడ మీద అదేమిటి?”

“మా పెద్దమ్మాయి పేరు.”

“చదవడానికి రావట్లేదే?”

“పొడిచినవాడు తాగి పొడిచాడు.”

ఎవరూ నవ్వలేదు. కోరిన్ మొహం ఎర్రబడింది. “నలుగురు ఆడపిల్లల తండ్రిని. ఉద్యోగం మానుకుని వచ్చాను తల్లీ. ఇక్కణ్ణుంచి తరిమితే నన్ను మళ్లీ గొర్రెలు కొయ్యడానికి కూడా పిలవరు.”

టామ్సిన్ పక్కకు తిరిగింది. “లూపె, నువ్వైనా పెట్టు. అది మీ హాలేగా?”

“మా హాలే. ఆదివారం భోజనాలకు మా అమ్మమ్మ అక్కడే వండుతుంది. వాణ్ణి తరిమేస్తే నాకేమొస్తుంది? మా అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టాలి. చాలన్నా వినకుండా తినిపించి తినిపించి చంపుతుంది.”

“నీకన్నీ వేళాకోళమే.”

“ఏం చెయ్యను? ఏడవడం అప్పుడే అయిపోయింది.”

కాగితం ఐల్సా దగ్గరికి వెళ్లింది. అరవై ఆరేళ్ల ఐల్సా ఆ క్లాసులో అందరికన్నా పెద్దావిడ. కళ్లద్దాలు సర్దుకుని, మొదటి వాక్యం నుంచీ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

“ఐల్సా గారూ, అది సంతకానికి, పరీక్షకు కాదు!”

“చదవకుండా ఒకసారి సంతకం పెట్టానమ్మా. చాలా ఏళ్లు పోయాయి.”

“పెళ్లా?” అన్నాడు కోరిన్.

ఈసారి అందరూ నవ్వారు. “అది కూడా,” అంది ఐల్సా.

అప్పుడే హామిష్ తడిసి ముద్దయి వచ్చాడు. కాగితం చూశాడు.

“ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అప్పుడే అర్జీలా? అది పక్కన పెట్టండి, ఆట ఆడదాం. ఒక్కొక్కరూ తమ గురించి మూడు మాటలు చెప్పాలి. రెండు నిజాలు, ఒక అబద్ధం. అబద్ధమేదో మిగతావాళ్లు పట్టుకోవాలి. ఒక్కటే అబద్ధం, గుర్తుంచుకోండి. రెండు చెప్పినవాళ్లను రాజకీయాల క్లాసుకు పంపించేస్తా.”

మొదటి వంతు కోరిన్‌ది. “నాకు నలుగురు ఆడపిల్లలు. రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. నేనెప్పుడూ జైలుకు వెళ్లలేదు.”

“మూడోదే అబద్ధం,” అంది టామ్సిన్ చటుక్కున.

“రెండోది. పద్దెనిమిదేళ్లు మాంసం ఫ్యాక్టరీలో చేసినవాణ్ణి, రక్తానికి కళ్లు తిరుగుతాయా?”

ఎవరూ నమ్మినట్టు లేరు. కోరిన్ తల దించుకున్నాడు.

“తరవాత నేను చెబుతాను,” అంది ఐల్సా. రెండు చేతులూ బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. “పద్నాలుగో ఏట బడి మానేశాను. మీరు తరమాలనుకుంటున్న మనిషిని నేనే. మా ఇంట్లో ఒక ముసలి కుక్క ఉంది, పేరు బిస్కెట్, ఉరిమితే మంచం కింద దూరుతుంది.”

ముందు కోరిన్ పగలబడి నవ్వాడు, ఆ వెనక బల్లంతా.

“రెండోది! రెండోది!”

“బడి సంగతి నిజమే, లైబ్రరీలో నాతో చెప్పారు,” అంది లూపె కళ్లు తుడుచుకుంటూ. “ఆంటీ, అబద్ధమన్నాక కాస్త నమ్మేలా ఉండొద్దూ!”

“అంత తొందరేమిటి? ఇంకోసారి ఆలోచించండి.”

“ఇంక మిగిలింది బిస్కెటే. పాపం, దాన్ని అనుమానించమంటారా?” అన్నాడు హామిష్.

టామ్సిన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. “నాకే సిగ్గుగా ఉంది. ఇలా మొహాలు చూసి పట్టుకుంటూ పోతే చివరికి ఐల్సా గారినీ వదలం.” కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, చెత్తబుట్టలో పడేసింది. “సారీ కోరిన్.”

క్లాసు అయ్యాక లూపె, ఐల్సా ఒకే గొడుగు కింద బస్సు దాకా నడిచారు. ఐల్సా తల వంచుకుని నీటి గుంటలు దాటుతోంది.

“ఏంటాంటీ అలా ఉన్నారు? మేం నవ్వినందుకు కోపమొచ్చిందా?”

“లేదమ్మా. ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది అనుకుంటున్నా.”

“అందరికీ వినపడిందిగా!”

“అవును. అందరూ విన్నారు.”

బస్సు వచ్చింది. లూపె మెట్టెక్కి వెనక్కి తిరిగింది. “ఆదివారం మా హాల్లో భోజనానికి రండి. మా అమ్మమ్మ పక్కనే కూర్చోబెడతా. బిస్కెట్‌నీ తీసుకురండి, ఎముకలు బోలెడు మిగులుతాయి!”

బస్సు మలుపు తిరిగేదాకా ఐల్సా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆమెకు కుక్క లేదు.