మసకబారని కళ్లజోడు

ఆయాసపడుతున్నట్టు ఒగరుస్తూ ఇంట్లోకి అడుగుపెట్టారు రిటైరైన పంతులుగారు. నుదుటిమీద మెరుస్తున్నది చెమట కాదు, కింద కుళాయి దగ్గర చల్లుకున్న నీరు. రోజూ పరిగెత్తకపోతే ఇన్సులిన్ సూది తప్పదన్నాడు డాక్టరు. కానీ ఈ చలిలో వాచ్‌మన్ గది హీటరు పక్కన కునుకే ఆయనకు పరమపదంగా తోచింది.

“బాగా పరిగెత్తారా?” అంది భార్య.

“గుర్రంలా!”

“మరి కళ్లజోడు మసకబారలేదేం? చలిలోంచి వెచ్చటి ఇంట్లోకొస్తే అద్దాలకు ఆవిరి పట్టాలిగా?”

పంతులుగారు కళ్లజోడు తడుముకున్నారు. “నీకెలా తెలుసు?”

“నాది రోజూ మసకబారుతోంది గనక. మంచులో ఎక్కడ పడిపోతారోనని మీ వెనకాలే బయల్దేరి, వీధులన్నీ పరిగెత్తి వెతికి, మీకన్నా ముందే ఇల్లు చేరుతున్నా. నిన్న వాచ్‌మన్ గదిలోంచి మీ గురక వినబడింది.”

ఆయన చూపు గుమ్మం వైపు మళ్లింది. ఆమె బూట్లు అరిగిపోయి ఉన్నాయి. తనవి ఇంకా నిగనిగలాడుతున్నాయి.

“రేపట్నుంచి నన్ను వెతకక్కర్లేదులే.”

“ఏం, మకాం అక్కడికే మార్చేస్తారా?”

“కాదు. నీతోనే పరిగెత్తుతాను.”

ఆమె ఆయన కళ్లజోడు లాక్కుని, ‘హా’ అని ఆవిరి ఊది, మళ్లీ ముక్కుకు తగిలించింది.

“ఇవాళ్టికి ఇది చాలు. రేపు మాత్రం నన్ను అందుకోవాలి!”

ఆయనకేమీ కనబడలేదు. ఆమె నవ్వు మాత్రం వినబడింది.