గోడ మీద ఊరు

తనిఖీకొచ్చిన అధికారి నేను చెప్పే ఏడో తరగతి భూగోళం క్లాసులో వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చుని ఆవలింతలు మింగుతున్నారు. ఎన్ని తరాలైనా పచ్చగా నిలిచే ఊరట, పిల్లలు చార్టు మీద పెన్సిలుతో గీశారు. అందరికీ తలో ఇల్లు వచ్చింది. ఇక మిగిలింది చెత్తకుప్ప.

"ఎక్కడ పెడదాం?" అన్నాను.

ముప్పై చేతులూ ఒకే ఇంటి పక్కకి చూపించాయి. ఆ ఇంటి పిల్ల ఆ రోజు బడికి రాలేదు.

"గొడవా గోలా లేకుండా ఏకగ్రీవం. ఎవరమ్మా నేర్పింది?" అన్నారాయన మురిసిపోతూ.

"నేనే సార్."

పుస్తకంలో 'అద్భుతం' అని గిలికి వెళ్లిపోయారు. మెచ్చుకోవడానికి కళ్లు తెరవనక్కర్లేదు కాబోలు.

మర్నాడు ఆ పిల్ల చార్టు ముందు నిలబడిపోయింది. నేను రబ్బరు పట్టుకుని లేచాను.

"మార్చేద్దాంలే అమ్మా."

"నిజంగా కూడా మా పక్కనే ఉంది టీచర్. నిన్న ఆ పొగకే తమ్ముడికి ఆయాసమొచ్చింది."

"పోనీ, ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు."

ఊరంతా వెతికి, పార్కు దగ్గర వేలు ఆపింది.

"ఇక్కడ బోలెడు ఖాళీ ఉంది. ఈ పక్కిల్లెవరిది టీచర్?"

రబ్బరు నా చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇల్లు నాది. మొదటి రోజే, పిల్లలకి పెన్సిలు ఇవ్వకముందే, గీసేసుకున్నాను.