సబ్బు నురుగు

రోగిని మంచం మీద దవాఖానాకు మోసే మా చర్ల అడవి పల్లెకు, నాయకుడు మంచమూ వంటగదీ ఉన్న బస్సులో వచ్చాడు. గుంతల దారిలో బ్రేకులను వదిలించే గాలి కారిపోయి, అవి బిగుసుకుని బస్సు ఆగిపోయింది.

ఆయన బస్సు మీదికెక్కాడు. "మీకు రోడ్డు పడేదాకా ఈడ్నుంచి కదల!"

పొద్దున "గో బ్యాక్" అని అరిచిన నోటితోనే జిందాబాద్ కొట్టాను. మెకానిక్‌ని, ఇట్లాంటి మనిషి కోసం ఊరకుంటానా? బస్సు కిందికి దూరి, గాలి పైపుల మీద సబ్బు నురుగు పూస్తూ పోయాను. ఒక పైపు దగ్గర బుడగలు లేచాయి. చిల్లు ముక్క కోసేసి జాయింటు బిగించాను.

గాలి నిండింది. బస్సు వెళ్లిపోయింది.

జోజమ్మ పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "నిన్నెవడు బాగుచెయ్యమన్నడు జస్టినూ? గా గాలి లేనంతసేపే గదరా ఆయన మాట మీద నిలబడ్డది!"