ముడుత రెక్కల ఈగలు

“లోపలికి పోయే ముందు చేతులు కడుక్కో బిడ్డా. సబ్బు పెట్టి, మోచేతుల దాంక.”

ల్యాబ్ తలుపు దగ్గర సీసాలు కడుగుతున్న ఓదెలు ఆ మాట అనగానే పూజిత ముఖం మాడిపోయింది.

గౌలిపురాలో వాళ్లది పాల వ్యాపారం. ఎన్ని సబ్బులు అరగదీసినా తన దగ్గర గేదెల వాసన వస్తుందేమోనని ఆమెకు చిన్నప్పటి నుంచీ అనుమానం.

యూనివర్సిటీ బయాలజీ ల్యాబ్‌లో రెండు నెలల ట్రైనింగ్‌కు ఇదే మొదటి రోజు. ఇక్కడి సర్టిఫికెట్ ఉంటేనే పైచదువు ఆశ. రాగానే అటెండర్ చేత మాట పడాలా?

“ఇంట్ల కడుక్కొనే వచ్చిన,” అని విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

పని చిన్నదే. ప్రయోగాల కోసం పెంచుతున్న ముడుత రెక్కల ఈగలను పాత సీసాల్లోంచి కొత్త సీసాల్లోకి మార్చి, మూతికి దూది బిగించాలి. సాయంత్రానికి ఇరవై సీసాలూ ఒక్కతే మార్చేసింది.

మర్నాటికి ఇరవైలోనూ ఈగలన్నీ చచ్చి పడున్నాయి.

“ఈ రకం ఇంకెక్కడా లేదు. ఎవరి పనిది?” ఒక్కో సీసా ఎత్తి చూస్తూ అడిగింది ప్రొఫెసర్ విమలాదేవి.

పూజిత చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నాదే మేడమ్,” అన్నాడు ఓదెలు. “చీమల మందు కొట్టి, గవే చేతులతోని సీసాలు ముట్టిన. ఫికర్ చెయ్యకుండ్రి, రెండు సీసాల ఈగలు పక్క రూముల వేరే పెట్టిన.”

మేడమ్ ఆయన వంక ఒకసారి చూసి, ఆ రెండు సీసాల కోసం పక్క రూముకు వెళ్లింది.

“సీసాలు ముట్టింది నేను. మీ మీదెందుకు ఏసుకున్నరు తాతా?”

“నీకు కాయితం గావాలె. నాకేంది, ఎల్లుండి రిటైరైత,” నవ్వాడు ఓదెలు. “నిన్న నీ చేతులు దోమల క్రీము వాసనొచ్చినయి. అది ఈగలకు పడది బిడ్డా.”

“నా దగ్గర బర్రెల వాసనొస్తుందని కడుక్కోమన్నరనుకున్న.”

“బర్రెల వాసనకేమైంది? మంచిగనే ఉంటది.”

పూజితకు ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అయినా మేడమ్‌కు నిజం చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఓదెలు రిటైరై వెళ్లిన మర్నాడు ఇక ఉండబట్టలేకపోయింది. సర్టిఫికెట్ పోతే పోయిందనుకుని మేడమ్ ముందు నిలబడింది.

“ఈగలు చచ్చింది నా వల్ల మేడమ్. ఓదెలు తాత నా కోసం అబద్ధం చెప్పిన్రు.”

“తెలుసు. ఆయన మందు చేతులతో ఈ ఈగల సీసాలు ముట్టడు. కూర్చో,” అంది మేడమ్ మెల్లగా. “ఇరవై ఆరేళ్ల కింద, కడగమని నేను పడేసిన సీసాల్లో రెక్కలు ముడుచుకున్న ఒకే ఒక్క ఈగను చూసి, పారబోయకుండా నా టేబుల్ మీదికి తెచ్చిపెట్టింది ఆ ఓదెలే.”