పడుకున్న ట్యాంకు

తెల్లవారినా మబ్బు కదల్లేదు. వాన పడదు, ఎండ రాదు.

ఆరింటికి ఆసుపత్రిలో కరెంటు పోయింది. జనరేటరు గదిలో ఆపరేటరు డీజిలు ట్యాంకులో కొలకర్ర దించి తీశాడు. పావు లోతు తడిసింది. తడిసిన లోతుకు ఎంత డీజిలుందో చెప్పే గోడమీది గ్రాఫు చూశాడు.

"పావు ట్యాంకుంది. నాలుగింటిదాకా ఢోకా లేదు బావా. మూడింటికే డీజిలు బండి వస్తుంది."

ఎలక్ట్రీషియను బావ తలూపాడు. పై అంతస్తులో వెంటిలేటర్లన్నీ ఈ జనరేటరు మీదే నడుస్తున్నాయి.

గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి గోడకేసి చూస్తున్నాడు. మెడలో పేషెంటు తాలూకు పాసు.

"ఆ గీత ఎవరు గీశారు బాబూ?"

"నేనే. పాతది వంకరగా ఉందని స్కేలు పెట్టి తిన్నగా గీశాను."

"వంకరగానే ఉండాలి. ఖాళీ దగ్గరా, సగం దగ్గరా, నిండు దగ్గరా నీ గీత నిజమే. మధ్యలోనే తప్పుతుంది. పీపాలాంటి గుండ్రటి ట్యాంకు, అడ్డంగా పడుకుని ఉంది కదా! నడుమ బెత్తెడు లోతుకు పట్టినంత డీజిలు అడుగున బెత్తెడుకు పట్టదు. పాలకేంద్రంలో ముప్పై ఏళ్లు ఇలాంటివే కొలిచాను. రెండు కొట్టకముందే ఆగిపోతుంది."

"ఒరేయ్, నీకో లెక్కల మాస్టారు దొరికాడ్రా!" అన్నాడు బావ.

ఆపరేటరు నవ్వాడు. "మీవాళ్లకేం భయం లేదు పెద్దాయనా. పైకెళ్లి కూర్చోండి."

ముసలాయన నొచ్చుకోలేదు. "ముందు కాసేపు నీ గీతే నెగ్గినట్టు కనబడుతుంది. నమ్మకు. ఒంటిగంటకు మళ్లీ కొలువు" అని వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి కొలిస్తే గీత చెప్పినంతే ఉంది.

"మాస్టారు తప్పాడు" అన్నాడు బావ.

ఒంటిగంటకు మాత్రం, తొమ్మిది సెంటీమీటర్లు తడవాల్సిన కర్ర ఆరున్నర దగ్గరే ఆగింది. ఆపరేటరు కర్ర పక్కన పడేశాడు.

"బావా, డీజిలు క్యాన్లు!"

బావ అంబులెన్సు షెడ్డుకు పరిగెత్తాడు. రెండు క్యాన్లు మోసుకొచ్చి పోశారు. మూడింటికి బండి వచ్చేసరికి అదీ అడుగంటింది. జనరేటరు ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆపరేటరు చేతులు తుడుచుకుని పైకి వెళ్లాడు. కాసేపటికి మెల్లగా దిగివచ్చాడు.

"దణ్ణం పెట్టొచ్చావా?"

"లేడు బావా. పన్నెండింటికే వెళ్లిపోయాడట."

"ఆయన మనిషికెలా ఉందట?"

"భార్యట. తెల్లవారుజామున, కరెంటు పోకముందే పోయిందట. కాగితాల కోసం ఆగాడట, అంతే." ఆపరేటరు గోడమీది గీత చూశాడు. "మనకు చెప్పడానికి వచ్చినప్పుడు, పైన ఆయనకెవరూ లేరు బావా."

బావ డబ్బా విప్పి, చల్లారిన అన్నం సగం మూతలోకి తీశాడు.

జనరేటరు మోతలో ఇద్దరూ తిన్నారు.