పదోనాటి పంక్తి

కరెంటు ప్లాంటు బూడిద చెరువు గట్టు తెగి ఊరి మీద వరద పారాక అది రెండో ఎండాకాలం. దుకాలూ తల్లి పోయి పదో రోజు. ఊరికి ఆ చివర, ఇటుకల షెడ్డు పక్కనున్న వాళ్ల ఇంటి పందిట్లో ఊరంతా భోజనానికి కూర్చుంది.

"ఎన్నాళ్లకి తిన్నానమ్మా ఇంత మెత్తటి పప్పు!" అంది ఒక ముసలమ్మ.

వరద తరువాత ఊరి బావుల నీళ్లకు పప్పు ఉడకడం మానేసింది. దుకాలూ ఆ మాట వినిపించుకోనట్టు గారెలు వడ్డిస్తూ ముందుకు పోయాడు.

అప్పుడు లేచింది పడమటి గాలి. ఆ బూడిద చెరువు పడమరనే ఉంది. ఎండిన బూడిద తెరలా లేచి పందిట్లోకి దూరింది. అన్నం, గారెలు, కొత్తగా గొరిగించుకున్న తలలు అన్నీ ఒకటే రంగయ్యాయి. జనం దగ్గుకుంటూ విస్తళ్ల ముందు నుంచి లేచారు. పదోనాటి పంక్తి సగంలో లేస్తే పోయిన మనిషి పస్తున్నట్టే అక్కడ.

దుకాలూ బావమరిది ఫిరంతా మూతి తుడుచుకున్నాడు.

"మీ అమ్మని మొన్నే నదిలో కలిపాం కదా బావా. మళ్లీ వచ్చిందేంటి?"

ఒకరిద్దరు నవ్వారు. దుకాలూ తలెత్తలేదు. ఆ బూడిదతో ఇటుకలు పోసే షెడ్డులోనే అతని పని. ఆ ఇటుకలతోనే తల్లికి గది కట్టాడు.

"గాలిని తిడితే ఏమొస్తుంది?" అన్నాడు ఊరిపెద్ద పరదేశీ. "చెరువు తడిపితే బూడిద ఎగరదు. ఆ బిసాహూగాణ్ని రమ్మనండి."

చెరువు మీద నీళ్లు చల్లే ట్యాంకరు డ్రైవరు బిసాహూ ఆఖరి వరసలోనే ఉన్నాడు. ఎంగిలి చేత్తోనే వచ్చాడు.

"పొద్దున చల్లావా?"

"లేదు పెద్దయ్యా."

"నిన్న సాయంత్రం?"

"లేదు."

"రెండు ట్యాంకర్ల నది నీళ్లు ఏం చేశావురా? తాగేశావా?"

"అమ్ముకునుంటాడు," అన్నాడు ఫిరంతా. "అమ్ముకుని, ఇక్కడికొచ్చి గారెలు మాత్రం నాలుగు వేయించుకున్నాడు."

బిసాహూ ఒక్కసారి దుకాలూ వైపు చూశాడు. తరువాత నేల చూపులు చూశాడు.

"తప్పు నాదే," అన్నాడు.

పరదేశీ ఫోన్ చేస్తే ప్లాంటు కాంట్రాక్టరు సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద వచ్చాడు. విషయం విని దుకాలూ వైపు తిరిగాడు.

"చెడింది నీ ఇంటి కార్యం. నువ్వే చెప్పు. వీణ్ని ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

బిసాహూ భార్య పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. ఆమెకు ఏడో నెల. వాళ్ల పొలం ఇంకా వరద బూడిద కిందే ఉంది. ఈ ట్యాంకరు పనే వాళ్ల తిండి.

దుకాలూ ఆమె వైపు చూశాడు.

"చెప్పు బావా! నీ తల్లి కదా!"

"మీ ఇష్టం," అన్నాడు దుకాలూ.

బిసాహూ మొలలోంచి ట్యాంకరు తాళంచెవి తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టాడు. "నడవండి," అంది భార్య. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఊరంతా వెళ్లిపోయాక దుకాలూ విస్తళ్లన్నీ ఒక్కడే ఎత్తాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లాంటు గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పనికొచ్చిన ఊరివాళ్లంతా అక్కడే ఉన్నారు. ఫిరంతా కూడా ఉన్నాడు. సూపర్‌వైజరు బండి ఆపాడు.

"ఏంటయ్యా, నీ కోపం ఇంకా తీరలేదా?"

దుకాలూ తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా చెప్పాడు.

"బిసాహూని బతిమాలి ఆ నీళ్లు మా వంటకి పోయించుకుంది నేనే సారూ."