బలపరిచేవాడు

మధ్యాహ్నం ఒకటిన్నరకు కుళ్ళాయప్ప ఇంటికి తాళం పడి ఉంది.

సుంకన్న నమ్మలేక రెండుసార్లు తలుపు గుంజి చూశాడు. పొద్దున్నే మాటిచ్చిన మనిషి!

"యాడికి పోయినాడు?" పక్కింటామెను గద్దించాడు.

"మిల్లు షావుకారు జీపు పంపినాడప్పా. పెండ్లాం బిడ్డల్తో ఎక్కి పోయినాడు," అందామె తలుపు సందులోంచి.

సుంకన్న పళ్లు పటపట కొరికాడు.

చేతిలో నామినేషన్ కాగితం ఉంది. మూడు గంటల్లోగా మున్సిపాలిటీ ఆఫీసులో ఇవ్వాలి. కౌన్సిలరుగా నిలబడే మనిషిని ప్రతిపాదించడానికి ఒకరు, బలపరచడానికి ఒకరు కావాలి. ఇద్దరూ ఆ వార్డు ఓటర్లే అయి ఉండాలి. ప్రతిపాదించే చోట, పోయినసారి నిలబడిన యేసన్న సంతకం పడింది. బలపరిచే చోట కుళ్ళాయప్ప వేలిముద్ర పడాలి.

సుంకన్న రాళ్లు కొట్టి బతికేవాడు. వజ్రకరూరు నుంచి ఈ గుడిసెల వార్డుకు వచ్చి ఐదేళ్లయింది. ఐదేళ్లలో వార్డుకు ఒక్క కొళాయి రాలేదు. నీళ్ల గొట్టం షావుకారు ఇంటి గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ షావుకారే ఈ వార్డు కౌన్సిలరు.

మొన్న ఎండల్లో రెండు మైళ్ల నుంచి నీళ్లు మోస్తూ సుంకన్న భార్య ఆంజినమ్మ దారిలో పడిపోయింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

ఆ రోజే అనుకున్నాడు సుంకన్న, నిలబడాలని.

గుడిసె గుడిసెకూ తిరిగాడు.

"మిల్లులో పని పోతాదన్నా."

"నన్ను ఇడిసిపెట్టు సుంకన్నా, నీకు దండం పెడతా."

ఒకడైతే జవాబే చెప్పకుండా లోపల గడియ వేసుకున్నాడు.

"థూ! మీకు నీళ్లెందుకు? పోయి వాని కాళ్లు కడిగి తాగండి!" వీధి నడుమ నిలబడి అరిచాడు సుంకన్న.

"ఏమప్పా," అన్నారెవరో వెనక నుంచి.

తిరిగి చూశాడు. ఒక ముసలాయన. భుజాన గొంగడి, చేతిలో కర్ర, మోకాళ్ల దాకా దుమ్ము. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

"వేలిముద్ర కావాలంట గదా. నేను ఏస్తా."

"ఎవురు నువ్వు?"

"కణేకల్ కాలవ కింద గొర్రెలు మేపుకుంటా ఉంటి. నిన్న వచ్చినా. నీ సంగతి వింటి..."

"కణేకల్ నుంచి నాకు వేలిముద్ర ఏసేకి వచ్చినావా?"

పోయిన ఎన్నికల్లో యేసన్నకు జరిగింది గుర్తొచ్చింది సుంకన్నకు. అప్పుడూ ఇట్లాగే ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు వచ్చి వేలిముద్ర వేశాడు. వాడు ఈ వార్డు ఓటరే కాదని మరునాడు యేసన్న నామినేషన్ కొట్టేశారు. షావుకారు పోటీ లేకుండా గెలిచాడు. వాణ్ణి పంపింది షావుకారేనని తర్వాత బయటపడింది.

"షావుకారు పంపినాడా నిన్ను?"

"కాదు నాయనా. నా ఓటు ఈడనే..."

"నోర్ముయ్! ఐదేండ్లాయ నేనీడికి వచ్చి. ఒక్కనాడన్నా నీ మొగం కనపడలేదే?"

"మందెమ్మట తిరిగేటోన్ని. ఏడాదికో రెండేండ్లకో వస్తాంటా. నమ్మకపోతే ఆఫీసుకు పోదాం పా, లిస్టు చూపిస్తారు."

"ఆడికి పోయి, అందరి ముందర నా కాయితం చెడగొట్టల్లనా?"

ముసలాయన కాగితం కోసం చెయ్యి చాచాడు. సుంకన్న ఆ చేతిని విసిరికొట్టాడు. ముసలాయన తూలి, మట్టిలో పడ్డాడు.

ఏ గుడిసె తలుపూ తెరుచుకోలేదు.

ముసలాయన కర్ర ఊతంగా మెల్లగా లేచాడు. గొంగడి దులుపుకున్నాడు. తిట్టలేదు.

"దెబ్బ తిన్నోనివి. నీ కోపంలో తప్పు లేదులే," అన్నాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

సుంకన్న ఇంకో పది ఇళ్లు తట్టాడు. చివరికి ఆఫీసుకు పరుగెత్తాడు. యేసన్న వరండాలో కాచుకుని ఉన్నాడు.

"రెండోది యాడ సుంకన్నా?"

సుంకన్న ఆగకుండా లోపలికి పోయాడు. కాగితం గుమాస్తా ముందు పెట్టాడు.

గుమాస్తా చూసి వెనక్కి నెట్టాడు. "బలపరిచేవాడు లేడే. ఇది చెల్లదు."

"ఇంకొక గంట టైమివ్వు సారూ!"

"నా చేతిలో లేదు. పో."

గోడ గడియారం మూడు కొట్టింది. బయట షావుకారు మనుషులు టపాకాయలు పేల్చారు. ఈసారీ పోటీ లేదు.

పొద్దు వాలేవేళకు సుంకన్న వార్డు చేరాడు. కనిపించిన రాయినల్లా కాలితో తన్నుకుంటూ వస్తున్నాడు. వార్డులో అందరికన్నా పెద్దది లక్ష్మీదేవమ్మ. గుడిసె ముందు కూర్చుని అతణ్ణి పిలిచింది.

"తిప్పేస్వామి ఏసినాడా వేలిముద్ర?"

"ఏ తిప్పేస్వామి?"

"గొంగడాయన రా. ఎవురూ ముందుకొచ్చేది లేదు, నువ్వన్నా పోన్నా అని నేనే చెప్పి పంపితి."

సుంకన్న ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆయప్పకు ఈడ నిజంగానే ఓటుండాదా అవ్వా?"

"ఏం మాటరా అది?"

"యాడుండాడిప్పుడు?"

"మందను తోలుకొని పాయ. నాలుగు దినాలుంటానన్నోడు నిలబడనే లేదు. ఏమైందన్నా అంటే చెప్పలా."

సుంకన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ముసలామె తన ధోరణిలో చెప్పుకుపోయింది. "కరువేట్లో బిడ్డల్నెత్తుకొని మేం దిక్కులేక వస్తే, తన గొర్రెల దొడ్డంతా మాకిడిసిపెట్టి ఆయన బయలుకు పోయినాడు, ఇప్పుడు నువ్వు కూర్చోనుండే ఈ నేల గూడా ఆయనదే రా."